ఔత్సాహికుల ఆటలు – 7
మెల్‌బోర్న్‌లో హైదరాబాదు మేష్టారు

గత వారం క్రోకే ఆట దగ్గర ఆగాం. పచ్చిక మీద గుచ్చిన ఇనుప కమానుల్లోంచి కొయ్య సుత్తితో బంతిని దాటించే ఆట అది. మెల్‌బోర్న్‌లో మిఠాయిల కర్మాగారం పెట్టి బాగా గడించిన మాక్‌ఫెర్సన్ రాబర్ట్‌సన్ ఆ ఆట కోసం ఒక షీల్డు ఇచ్చాడనీ, 1925లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్లు దాని కోసం మొదటిసారి తలపడ్డాయనీ చెప్పుకున్నాం. ఆ షీల్డు చరిత్రలో మన ఊసు లేదు. అయితే ఆ షీల్డు దాత ఊళ్ళోనే, సరిగ్గా 31 ఏళ్ళ తరవాత, రెండు ఔత్సాహిక జట్లు ఆడిన మరో మ్యాచ్ ఉంది. అందులో మన వాటా చాలా పెద్దది. అంత పెద్ద వాటా ఉండి కూడా మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పుకోని కథ కాబట్టి ఈ వారం మొత్తం దానికే ఇస్తున్నాను.

1956 డిసెంబరు 1. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్. ఆస్ట్రేలియా మీద భారత్. ఆడేది ఆస్ట్రేలియా గడ్డ మీద, ఆస్ట్రేలియా జనం మధ్య.

ఆ తేదీని మన లెక్కలో చూడండి. అంతకు సరిగ్గా నెల ముందు, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ పుట్టింది. మన కోనసీమలోని ముమ్మిడివరం రైతు 1953 సెప్టెంబరు దాకా మద్రాసు రాజధానిగా బతికాడు. ఆ అక్టోబరు 1 నుంచి అతని రాజధాని కర్నూలు. మరో మూడేళ్ళకు హైదరాబాదు. గోదావరి పాయకు ఆవలి ఒడ్డున యానాంలో ఫ్రెంచి ఏలుబడి పోయి అప్పటికి రెండేళ్ళే అయింది. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, చుట్టూ ఉన్న సరిహద్దులు మాత్రం ఒకటొకటిగా మారిపోయాయి. అలాంటి రోజుల్లో నెల రోజుల వయసున్న రాష్ట్రపు రాజధాని నుంచి వెళ్ళిన ఒక బడి మేష్టారు మెల్‌బోర్న్ మైదానం గట్టున భారత జట్టు శిక్షకుడి హోదాలో ఉన్నారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇలా పాతబస్తీ చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత తలకెత్తుకున్నారు. ఆ రోజుల్లోనే హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ తరవాత జరిగింది దేశమంతా చూసింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఎవరికీ దక్కనివ్వలేదు. ఆట అంటే కలకత్తాదే అనుకునే కాలంలో కానిస్టేబుళ్ళ జట్టొకటి దక్షిణాది నుంచి వెళ్ళి ఐదేళ్ళ పాటు కప్పు పట్టుకొచ్చింది.

ఆయన పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మెల్‌బోర్న్ విజయం మెల్‌బోర్న్‌లో తయారైనది కాదు, హైదరాబాదు మైదానాల్లో పిల్లల మధ్య తయారైనది.

మన దేశంలో పిల్లాడికి బంతి దొరికితే ఏం చేస్తాడు? ఒక్కడే కాళ్ళ మధ్య తిప్పుకుంటూ నలుగురిని తప్పించుకుని వెళ్ళాలని చూస్తాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లే జట్టును ముంచుతున్నాయని రహీం గ్రహించారు. అందుకని ఆయన కుర్రాళ్ళకు ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టారు. ఆ పోటీల్లో బంతిని కాళ్ళ దగ్గర తిప్పుకోవడం నిషేధం. బంతి రాగానే మనవాడు ఎక్కడున్నాడో చూసి అందించేయాలి. మరి బంతి అందాక చూసుకుంటే ఆలస్యమైపోతుంది. రాకముందే చూసి పెట్టుకోవాలి. బంతి లేనివాడు కూడా నిలబడకుండా ఖాళీ వెతుక్కుంటూ పరుగెత్తాలి. అంటే ఆ ఒక్క నిబంధనతో పదకొండు మందికీ బుర్ర పెట్టి ఆడక తప్పని పరిస్థితి కల్పించారు. ఇంకో రకం టోర్నమెంటు కూడా పెట్టేవారు. అందులో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటమున్న కుర్రాడు ఎడమ కాలితో తడబడుతూ, తడబడుతూ, కొన్నాళ్ళకు రెండు కాళ్ళతోనూ ఆడగలిగే ఆటగాడయ్యేవాడు. వీటికి ఖర్చేమీ లేదు. ఒక మైదానం, ఒక బంతి, పట్టుదల ఉన్న ఒక మేష్టారు. ఇవాళ మన కోనసీమ బళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయులు ఈ రెండు పోటీలు పెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు.

ఆయన చదువరి కూడా. బయటి దేశాల ఆటను శ్రద్ధగా గమనించేవారు. 1953లో వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ను 6–3 తేడాతో ఓడించింది. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించిన ఆ వ్యూహానికి ప్రపంచమంతా నోరు తెరిచింది. ఆ వ్యూహంలోని కీలకం రహీం వెంటనే పట్టుకున్నారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచి పేరు తెచ్చిన 4–2–4 వరస కూడా అంతకు ముందే మన జట్టు ఆడిందని ఆ కాలపు ఆటను దగ్గరగా చూసినవాళ్ళు రాశారు.

ఇప్పుడు జట్టు సంగతి. ఒలింపిక్స్‌లో అప్పట్లో ఔత్సాహికులకే ప్రవేశం. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ ఆ విషయంలో మహా పట్టింపు మనిషి. ఆటకు జీతం తీసుకున్నవాడు గడప తొక్కడానికి వీల్లేదు. మన జట్టుకు ఆ నిబంధనతో ఇబ్బందేమీ రాలేదు, ఆట మీద జీతం తీసుకునే భాగ్యం మనవాళ్ళకు ఎలాగూ లేదు కాబట్టి. కెప్టెన్ సమర్ బెనర్జీ – అందరూ బద్రూ అనేవారు – కలకత్తాలో వైద్య విద్య చదువుతూ ఆడినవాడు. పి.కె. బెనర్జీ రైల్వే ఉద్యోగి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ సైన్యంలో పనిచేసేవాడు, పుట్టింది హైదరాబాదులోనే. నెవిల్ డిసౌజా బొంబాయిలో టాటా జట్టు వాడు. ఇక మన హైదరాబాదు పిల్లలు: సిటీ పోలీస్ నుంచి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, వాళ్ళతో పాటు అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, ఇరవయ్యేళ్ళ తులసీదాస్ బలరాం. బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. ఒక్క ఊరు ఒలింపిక్ జట్టుకు ఇంతమందిని ఇవ్వడం చిన్న విషయం కాదు.

వీళ్ళ వెనక రెండు ఓటముల బరువుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడి ఫ్రాన్సును గడగడలాడించారు, రెండు పెనాల్టీలు వృథా చేసుకుని 2–1తో ఓడారు. ఆ ఓటమికి జనం జాలిపడ్డారు, మెచ్చుకున్నారు కూడా. 1952 హెల్సింకీలో మాత్రం మెచ్చుకోడానికి ఏమీ మిగల్లేదు. చలిలో, తడి నేల మీద, యుగోస్లావియా చేతిలో 10–1. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. ఉత్త కాళ్ళ ఆటను మనవాళ్ళు ఇప్పటికీ వీరగాథలా చెప్పుకుంటారు గానీ, నా మట్టుకు బూట్లు కట్టుకుని గెలిచిన జట్టు కథే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. పాత అలవాటును నాలుగేళ్ళలో వదులుకుని కొత్త పద్ధతి ఒంటబట్టించుకోవడం ఎంత కష్టమో సాధన చేసినవాళ్ళకు తెలుసు.

ఆ సంవత్సరం ఒలింపిక్స్ ప్రపంచ రాజకీయాల తుఫానులో చిక్కుకుంది. సూయెజ్ కాలువ యుద్ధంతో ఈజిప్టు రాలేదు. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్టులోకి వచ్చాయి, హంగరీ ఫుట్‌బాల్ జట్టు మెల్‌బోర్న్ చేరలేదు. పదహారు జట్లు ఆడాల్సిన చోట చివరికి పదకొండే ఆడాయి. మన మొదటి మ్యాచ్ ఆ హంగరీతోనే జరగాలి. ఎవరి ఆట చూసి రహీం పాఠం నేర్చుకున్నారో వాళ్ళతోనే తలపడాల్సిన అవకాశం అలా తప్పిపోయింది. భారత్ ఆడకుండానే క్వార్టర్ ఫైనల్ చేరింది. ఆస్ట్రేలియా మాత్రం జపాన్‌ను 2–0తో ఓడించి, ఒక మ్యాచ్ ఆడిన ఒడుపుతో వచ్చింది. ఆతిథ్య జట్టు, సొంత మైదానం, గెలుపు మీద ఉన్న ఊపు. కాయితం మీద చూస్తే వాళ్ళదే పైచేయి.

మ్యాచ్ ఒలింపిక్ పార్క్ స్టేడియంలో. 9వ నిమిషంలో నెవిల్ డిసౌజా గోలు కొట్టాడు. 17వ నిమిషంలో ఆస్ట్రేలియా ఆటగాడు బ్రూస్ మారో సమం చేశాడు. 33వ నిమిషంలో మళ్ళీ నెవిల్. 41వ నిమిషంలో మళ్ళీ మారో. విరామానికి 2–2. ఆధిక్యం రెండుసార్లు చేజారింది. ఇలాంటప్పుడు మన జట్లు బెంబేలెత్తి పోవడం, ఒకడి మీద ఒకడు అరుచుకోవడం, ఎవరికి వారు బంతిని లాక్కుని వీరత్వం చూపించబోవడం అంతకు ముందు చాలాసార్లు చూశాం. ఆ రోజు అలా జరగలేదు. విరామం తరవాత ఐదో నిమిషంలో, అంటే 50వ నిమిషంలో, నెవిల్ మూడో గోలు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. ఆ మూడో గోలు తరవాత ఇక ఆస్ట్రేలియాకు సమం చేసే వీలు ఇవ్వలేదు. అరగంట సేపు ఆధిక్యాన్ని కాపాడుకుంటూ వచ్చి 80వ నిమిషంలో జె. కృష్ణస్వామి నాలుగోది కొట్టాడు. మద్రాసు వైపు నుంచి కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన ఈయన్ని అందరూ కిట్టూ అనేవారు. 4–2. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదైంది.

హ్యాట్రిక్ కొట్టినవాడి పేరు చరిత్రలో నిలుస్తుంది, నిలవాలి కూడా. కానీ ఆ గోళ్ళ వరస చూడండి. 9, 33, 50, 80. ఆట మొదట్లో, మధ్యలో, విరామం కాగానే, చివర్లో. ఊపిరి ఆడనంత ఒత్తిడిలోనూ జట్టంతా ఒకే తీరులో ఆడితే తప్ప గోళ్ళు ఇలా ఆట పొడుగునా పరుచుకుని రావు. బంతి రాకముందే చూసి పెట్టుకొమ్మని చిన్న పిల్లలకు చెప్పిన ఆ మేష్టారి పాఠం ఇక్కడ నాకు కనిపిస్తుంది.

సెమీ ఫైనల్ డిసెంబరు 4న, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో. ఎదురుగా మళ్ళీ యుగోస్లావియా. నాలుగేళ్ళ కిందట పది గోళ్ళు కొట్టిన జట్టు. మొదటి సగంలో వాళ్ళను మనవాళ్ళు ఒక్క గోలూ కొట్టనివ్వలేదు. 52వ నిమిషంలో నెవిల్ డిసౌజా గోలు కొట్టి భారత్‌ను ముందుకు తెచ్చాడు. ఒలింపిక్ సెమీ ఫైనల్లో యుగోస్లావియా మీద భారత్ 1–0 ఆధిక్యం! ఆ ఆనందం రెండు నిమిషాలే. తరవాత వాళ్ళు విజృంభించారు. చివరికి 4–1. మూడో స్థానం కోసం డిసెంబరు 7న జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి కాంస్యం పోగొట్టుకున్నాం. బ్రిటన్ జట్టును 6–1తో చిత్తు చేసిన బల్గేరియా అది. ఫుట్‌బాల్ పుట్టినింటి జట్టు ఆరు గోళ్ళు ఇచ్చుకున్న చోట మనం మూడు ఇచ్చాం. నెవిల్ నాలుగు గోళ్ళతో ఆ ఒలింపిక్స్‌లో అత్యధిక గోళ్ళు చేసిన ముగ్గురిలో ఒకడయ్యాడు. ఫైనల్లో సోవియట్ యూనియన్ 1–0తో యుగోస్లావియాను ఓడించింది. ఆ సోవియట్ జట్టు గోల్‌కీపర్ లెవ్ యాషిన్.

ఆస్ట్రేలియాతో లెక్క అక్కడితో ముగియలేదు. ఒలింపిక్స్ ముగిసిన నాలుగు రోజులకు, డిసెంబరు 12న, సిడ్నీలో ఆ రెండు దేశాలూ మళ్ళీ ఆడాయి. ఈసారి భారత్ 7–1తో గెలిచింది. మొదటి గెలుపు గాలివాటంగా వచ్చిందని ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్ళకు మైదానంలోనే సమాధానం దొరికింది. భారత ఫుట్‌బాల్ జట్టు సాధించిన అతి పెద్ద విజయాల వరసలో ఆ స్కోరు నేటికీ ఉంది.

ఇంటి దగ్గర కూడా హైదరాబాదుకు ఎదురులేని రోజులవి. 1956–57, 1957–58 సంతోష్ ట్రోఫీలు రెండూ హైదరాబాదువే. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్ళీ గెలిచాం. రహీం సాబ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌కు జట్టును తీసుకెళ్ళారు. అక్కడ ఫ్రాన్సుతో 1–1తో సమంగా నిలిచారు. హంగరీ, పెరూ జట్ల మీద బలరాం గోళ్ళు కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా అరిచే జనం. ఆ సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన పోయాక భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడల్లో మళ్ళీ స్వర్ణం చూడలేదు. ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. చాలామంది తెలుగువాళ్ళు ఆయన పేరు ఆ సినిమాలోనే మొదటిసారి విన్నారు. అరవై ఏళ్ళు ఆగి, బొంబాయి వాళ్ళు సినిమా తీస్తే గానీ మనకు తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

ఎందుకిలా జరిగింది? నాకు తోచిన కారణం చెబుతాను. తెలుగు క్రీడాకారులు అనగానే మనం సి.కె. నాయుడు నుంచి మొదలుపెట్టి బాడ్మింటన్ దాకా వచ్చేస్తాం. మధ్యలో హైదరాబాదు ఫుట్‌బాలర్లను దాటేస్తాం. వాళ్ళలో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, వాళ్ళ కథలు ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ మిగిలాయి. తెలుగు పత్రికల పాత సంచికల్లో వాళ్ళకు దొరికిన చోటు తక్కువ. కోస్తా జిల్లాల వాళ్ళం హైదరాబాదును 1956లో రాజధానిగా తీసుకున్నాం, ఆఫీసులు తీసుకున్నాం, విశ్వవిద్యాలయం తీసుకున్నాం, ఆ ఊరి ఆటగాళ్ళను మాత్రం మనవాళ్ళుగా తీసుకోలేదు. ఇది సరిదిద్దుకోవలసిన సంగతి. ఏ భాష మాట్లాడినా కాచిగూడ బడిలో పాఠం చెప్పిన మేష్టారు మన మేష్టారే. ఇప్పుడు రాష్ట్రాలు రెండయ్యాయి కాబట్టి ఆ చరిత్ర తెలంగాణది, మాకెందుకనే వాదన కూడా వినిపిస్తుంది. 1956 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో రహీం సాబ్ నిలబడ్డప్పుడు ముమ్మిడివరం, కాచిగూడ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. ఆ రోజు ఉమ్మడిది. దాని మీద హక్కు ఇద్దరికీ ఉంది.

పైగా రహీం కథలో మన ప్రాంతానికి పనికొచ్చే విషయం చాలా ఉంది. కోనసీమలో ఖాళీ నేల తక్కువ. కొబ్బరితోటలు, చేపల చెరువులు, కాలువగట్లు పోగా పిల్లలు పరుగెత్తే చోటు బడి ఆవరణ, కోతలయ్యాక పొలం. అయినా ఇక్కడ ఆటలు ఆగలేదు. వాలీబాల్, కబడ్డీ, బాల్ బాడ్మింటన్ ఊరూరా ఆడిన తరాలున్నాయి. సంక్రాంతి పోటీలకు ఊళ్ళు ఊళ్ళు కదిలి వచ్చేవి. ఆ జట్లకూ జీతాల్లేవు, ఎవరూ అడగలేదు. పగలు కొబ్బరికాయ దింపినవాడు, బస్సు నడిపినవాడు, బడిలో పాఠం చెప్పినవాడు సాయంత్రం వలకు ఇటూ అటూ నిలబడి ఆడాడు. వాళ్ళ చరిత్ర ఎవరూ రాయలేదు. హైదరాబాదు కానిస్టేబుళ్ళ సంగతే మరిచిపోయిన మనం, మన ఊరి వాలీబాల్ జట్టు సంగతి ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటాం?

అందుకే ఈ వారం పాఠకులకు ఒక విన్నపం. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన, తాళ్ళరేవు ప్రాంతాల్లో 1950, 60 దశకాల నాటి ఆటల పోటీల ఫొటోలు, షీల్డులు, అచ్చువేసిన కరపత్రాలు మీ ఇళ్ళల్లో ఉంటే పారేయకండి. ఫొటో వెనక పేర్లు రాసి పెట్టండి. ఆడినవాళ్ళు బతికి ఉంటే ఈ వేసవిలోపు ఒక పూట వాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరితో ఆడారో, ఎక్కడ ఆడారో రాసుకోండి. ఎనభై దాటిన వాళ్ళ జ్ఞాపకాలకు ఎదురుచూసే వ్యవధి లేదు. రాసింది పత్రికకు పంపితే ఈ శీర్షికలోనే అచ్చువేస్తాం.

వచ్చే వారం బ్యాంకాక్ వెళదాం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ బాడ్మింటన్ ఫైనల్లో, పద్నాలుగుసార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా మీద, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ తన జోడీ చిరాగ్ శెట్టితో కలిసి నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. జిల్లా వయసు అప్పటికి 41 రోజులు.